ఇల్లు విప్పి చూడు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఈ రెండు పనులనూ ఒకే సామెతలో ఎందుకు ముడివేశారని అడిగితే, రెండింటికీ చేతిలో డబ్బు నిలవదు గనుక అని ఎవరైనా టక్కున చెబుతారు. నిజమే. కాని అందులో మరొక సంగతి కూడా ఉన్నదని నాకు తోస్తుంది. మా పాలమూరు వైపు పాత భవంతి ఇళ్లు చూసిన చదువరులకు నేను చెప్పబోయేది వెంటనే బోధపడుతుంది. నాలుగువైపులా స్తంభాల వసారాలు, నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి. పెళ్లినాడు ఆ వాకిటిమీద పందిరి వేస్తే, మగపెళ్లివారు తూర్పు వసారాలో, ఆడపెళ్లివారు పడమటి వసారాలో, వంటవారు పెరట్లో, పిల్లలు మిద్దెమీద. ఇల్లు కట్టించిన యజమాని ఎప్పుడో పుట్టబోయే మనుమరాలి పెళ్లిని ముందే కళ్లారా చూసి మరీ వాకిలి కొలత వేయించాడా అనిపిస్తుంది. మూడువందల అరవైనాలుగు రోజులు కాపురానికి, ఒక్కరోజు కల్యాణానికి కట్టిన ఇళ్లవి.

సామెత చెప్పినవారు మూడోమాట ఒకటి విడిచిపెట్టారు: ఇల్లు విప్పి చూడు. వారి కాలానికి ఆ అవసరం రాలేదు కాబోలు.

ఇప్పుడు వచ్చింది. మక్తల్ నుంచి ఇటు మహబూబ్‌నగర్‌కు, అటు రాయచూరుకు పోయే పెద్దరోడ్డు వెంట ఫంక్షన్ హాళ్లు లేచాయి. ముహూర్తాల నెలలో నాకు వారానికి రెండు శుభలేఖలకు తక్కువ రావు. అధ్యాపకుడికి శిష్యులు ఎక్కువ, శిష్యులకు పెళ్లిళ్లు ఎక్కువ. నున్నని టైల్సు, రేకుల కప్పు, దాని కింద బట్ట, ఆ బట్టకింద వందలాది దీపాలు. వాటిని నేను ఎగతాళి చేయను. వెయ్యిమంది బంధువులు ఎండ తగలకుండా కూర్చుని భోంచేసి పోవడం ఆడపిల్ల తండ్రికి చిన్న సౌకర్యం కాదు. అయితే ఈమధ్య ఒక హాలులో కొత్త వింత చూశాను. వేదికపక్కన థర్మాకోలుతో ఒక పాత భవంతి ఇల్లు నిలబెట్టారు. థర్మాకోలు స్తంభాలు, థర్మాకోలు దర్వాజ, దానికి థర్మాకోలు గడప. పసుపు రంగు పూసి, ఎర్రబొట్లు కూడా దిద్దారు. వధూవరులు ఆ గడపమీద నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు. సరిగ్గా ఆ నెలలోనే, అక్కడికి కొద్ది కోసుల దూరంలో, నిజమైన టేకు గడప ఉన్న ఇంటికి కట్టె వ్యాపారి ధర కడుతున్నాడు!

ఆ ఇంటి సంగతి చెప్పేముందు, కట్టిన కట్టడం కదులుతుందా అన్న అనుమానం తీర్చాలి. ఎందుకంటే మా ప్రాంతంలో ఎవరికైనా ఇల్లు విప్పి వేరే చోట నిలబెడతామంటే ముందు నవ్వుతారు. నవ్వవలసిన చోటు మాత్రం ఇది కాదు. కృష్ణానది ఒడ్డున ఉన్నంతగా కదిలిన కట్టడాలు మన దేశంలో ఇంకెక్కడైనా ఉన్నాయో లేదో!

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. నీళ్లు వచ్చేలోగా, 1954 నుంచి 1960 దాకా, నాగార్జునకొండ లోయనంతా తవ్వి చూశారు. ముఖ్యమైన శిథిలాలను విప్పి కొండమీదకు తరలించారు. ఇక్ష్వాకుల కాలపు మెట్ల రంగస్థలాన్ని అనుపు దగ్గర మళ్లీ పేర్చారు. పదిమంది కూడి వేడుక చూడటానికి కట్టిన చోటునే పదహారు శతాబ్దాలకు పైగా గడిచాక విప్పి వేరేచోట పెట్టారన్నమాట. తరువాత శ్రీశైలం వంతు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలోని చాళుక్యుల సంగమేశ్వరాలయాన్ని రాయికి రాయి విప్పి ఆలంపురంలో తిరిగి కట్టారు. సోమశిల గుళ్లు మెట్టకు ఎక్కాయి. 'చంద్రికాపరిణయం' రాసిన సురభి మాధవరాయల వంశంవారు ఏలిన జటప్రోలులో మదనగోపాలస్వామి గుడి కూడా అలాగే లేచి వచ్చింది. ఆ కావ్యం పేరు చెప్పగానే మా తరగతిలో పిల్లలు ముసిముసిగా నవ్వుతారు, పరిణయం అన్న మాట వినబడింది గనుక. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్టకోసం 1964 నుంచి 1968 దాకా అబూ సింబెల్ కొండగుళ్లను దిమ్మెలుగా కోసి 65 మీటర్ల పైకి చేర్చినప్పుడు ప్రపంచమంతా ముక్కుమీద వేలు వేసుకున్నది. మనవాళ్లు సోమశిలలో చేసినదానికి వేలు వేసుకునేవారు లేకపోయారు, అంతే తేడా.

గుళ్లు సరే, ఇళ్లో? 1995లో మా పక్కనే జూరాల నిండినప్పుడు, ఆ తరువాత సంగంబండ జలాశయం వచ్చినప్పుడు, మునిగే ఊళ్లవాళ్లు ఇళ్లు విప్పుకున్నారు. ఎడ్లబండ్లమీద, ట్రాక్టర్లమీద దర్వాజలు, దూలాలు, దంతెలు, శాబాదు బండలు కొత్త కాలనీలకు చేరాయి. ఇప్పటికీ ఆ కాలనీల్లో సిమెంటు గోడకు పాతకాలపు చెక్కడం దర్వాజ బిగించి ఉండటం చూడవచ్చు. కుర్తాకు జరీ తలపాగా చుట్టినట్టు ఉంటుంది. కాని ఆ దర్వాజ తెచ్చుకున్నవాడిని అడిగితే, అది తన తాత ఇల్లే అంటాడు. ఆ మాటను నేను కాదనలేను.

విప్పి తెచ్చిన ఇళ్లన్నీ ఒకచోట చేర్చి నిలబెట్టినవారు కూడా ఉన్నారు. కర్ణాటకలో మణిపాల్ దగ్గర విజయనాథ శెణై అనే ఆయన జీవితమంతా ఇదే పనిలో గడిపారు. చెన్నై నుంచి మహాబలిపురం పోయే దారిలో ముట్టుకాడు వద్ద 'దక్షిణచిత్ర' ఉన్నది. దెబోరా త్యాగరాజన్ పూనికతో 1984లో ఏర్పడిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ దాన్ని 1996 డిసెంబరులో తెరిచింది. స్థలానికి రూపం గీసినవారు లారీ బేకర్. అక్కడ చెట్టినాడు వర్తకుడి ఇల్లు, కేరళ కొయ్య ఇళ్లు చూసుకుంటూ పోతుంటే, మన నల్లగొండ కొయ్యలగూడెం చేనేతవారి ఇల్లు ఎదురయింది. ఎక్కడి కొయ్యలగూడెం, ఎక్కడి సముద్రపు గాలి! అత్తవారింట మనూరి ఆడపడుచు కనబడ్డట్టయింది నాకు.

దక్షిణచిత్రలో ఒక సంగతి గ్రహించాను. కొయ్య ఇళ్లను విప్పి తెచ్చి కూర్చవచ్చు. మట్టి ఇళ్లను అలా తేలేరు. విశాఖ వైపు హరిపురం ఇల్లువంటిది కావాలంటే, దాన్ని కట్టడం తెలిసిన చేతిని పిలిపించి, అక్కడి మట్టితో మళ్లీ కట్టించవలసిందే. రాయి కదులుతుంది, కర్ర కదులుతుంది. మట్టిగోడా సున్నపు గారా కదలవు. అమెరికాలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను పునాదినుంచి జాకీలతో లేపి, చక్రాల బండిమీద పెట్టి, ఉన్నదున్నట్టుగా రోడ్డుమీద నడిపించుకుపోతారట. తీసుకుపోయి తోటల్లో నిలబెట్టి పెళ్లిళ్లకు అద్దెకిస్తారట. అవి తేలికపాటి చెక్క ఇళ్లు గనుక చెల్లింది. 1999లో నార్త్ కరోలినాలో హాటరాస్ దీపస్తంభాన్ని కూడా 2,900 అడుగులు అలాగే జరిపారు. మన మట్టిమిద్దెను జాకీతో లేపితే చేతికి జాకీ మిగులుతుంది.

ఇక మన ఇంటికి వద్దాం.

అది మక్తల్‌కు దిగువన, కృష్ణవైపు పోయే దారిలో ఒక ఊళ్లో, నా తోటి లెక్కల అధ్యాపకుడి పూర్వులది. వాళ్లది పట్వారీ వంశం. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యాక కాగితాలు పోయాయి, తరువాత మనుషులు పోయారు. ఒకరు హైదరాబాదుకు, ఒకరు రాయచూరుకు, ఒకరు సముద్రాలు దాటి. ఇంట్లో మిగిలింది వాళ్ల పెద్దమ్మ ఒక్కతే. సందు ఇరుకు, కారు రాదు. వెనుక అర్రలు మూడు వానలకు ముందే కూలాయి. హైదరాబాదు నుంచి వచ్చిన వ్యాపారి స్తంభాలు, బోదెలు, తలుపులు మాత్రం కావాలన్నాడు. తక్కినది మీరే పారబోసుకోండి అన్నాడు. ఇలా కొన్న చెక్కడాలు ఎక్కడికి పోతాయో తెలియనిది కాదు. కారైక్కుడిలో చెట్టినాడు ఇళ్ల స్తంభాలు అమ్మే వీధి ఒకటి ఉన్నది, చూశాను. ఒక ఇంటి నాలుగు స్తంభాలు నాలుగు ఊళ్లకు పోతాయి. ఒకటి హోటలులో దీపపు కంబమవుతుంది, ఒకటి బల్లకు కాలవుతుంది.

అడ్డుపడింది మిత్రుడి తమ్ముడి కొడుకు. ముప్పై దాటని కుర్రవాడు. రాయచూరు రోడ్డుమీద వాడికి స్థలమున్నది, అందులో ఫంక్షన్ హాలు కట్టాలని బ్యాంకు చుట్టూ తిరుగుతున్నాడు. "రేకుల షెడ్డు ఎట్లయినా వేస్తాను, దానిముందు మన ఇల్లే తెచ్చి పెడితే?" అన్నాడు. అన్నదమ్ములు నవ్వారు. పాత సంగతులు తెలిసినవాడినని నన్ను పిలిపించారు. తెలుగు చెప్పేవాడికి ఇళ్ల సంగతి ఏం తెలుస్తుందని నేనూ అనుకున్నాను గాని, వెళ్లాను.

నా అభిప్రాయం ముందే చెప్పాను. కదపకుండా బాగుచేసి వాడుకోవడం అన్నింటికంటె మేలు. వనపర్తి రాజుల భవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తున్నది. గద్వాల కోటలో డిగ్రీ కళాశాల వెలసింది. హైదరాబాదులో చౌమహల్లా బాగుపడి 2010లో యునెస్కో మెప్పు పొందింది. అక్కడ విందులూ జరుగుతున్నాయి. కాని అవన్నీ జనం ఉన్నచోట ఉన్నాయి. జనం విడిచిన ఊళ్లో ఇంటిని ఎంత బాగుచేసినా చెదలకు కొత్త భోజనం పెట్టినట్టే. అటువంటప్పుడు విప్పి తేవడం మేలు. ముక్కలుగా అమ్మడం అన్నింటికంటె కీడు. ఇంతవరకు చెప్పి ఊరుకున్నాను.

పెద్దమ్మ అరుగుమీద కూర్చుని అంతా విన్నది. "కూసో నాయనా" అని నాకు చాప చూపించింది. "నా పెండ్లయి ఈ గడప దాటినప్పుడు నాకు పదకొండేండ్లు. ఇల్లు ఏడికన్న తీస్కపోండ్రి. రోడ్డుమీద పెడితె నలుగురన్న చూస్తరు. గడప మాత్రం తిర్లగ పెట్టొద్దు, ఆ పిల్లగానికి చెప్పు" అన్నది. ఏడుస్తుందనుకున్న మిత్రుడు తెల్లబోయాడు. ఆమెకు తెలుసు, విప్పినవాళ్లు కూర్చేటప్పుడు దేన్ని తలకిందులు చేస్తారో!

వానలు రాకముందే పని మొదలయింది. ఇంటిని విప్పడమంటే కట్టిన వరసకు ఎదురు నడవడం. కట్టేటప్పుడు చివర వేసినది ముందు తీయాలి. మట్టిమిద్దెకు చివర వేసేది చవుడు మన్ను. ఏటా వానకాలానికి ముందు కొత్తమన్ను పరచి మెత్తి, పాతది తీయకుండా దానిపైనే వేస్తూపోతారు గనుక మిద్దె మందం పెరుగుతూ పోతుంది. ఒక అడుగు మందం అనుకున్నా, పదడుగుల చదరపు అర్రమీద నూరు ఘనపుటడుగుల మన్ను. బరువు నాలుగున్నర టన్నులకు తక్కువ కాదు. దీనిని తీయకుండా కింద ఒక్క దంతె కదిపితే మనుషులు మిగలరు. అందుకే మొదటి పదిరోజులూ గంపలతో మన్ను దించడమే.

మన్ను దించే కూలీలకు పెద్ద ఆ ఊరివాడే. అరవై ఏళ్లుంటాయి. ఒకరోజు భోజనాల వేళ వాకిట్లోకి వచ్చి స్తంభాలకేసి చాలాసేపు చూశాడు. "మా అవ్వ ఈ మిద్దెకు ఏండ్లకేండ్లు మన్ను మోసింది సారు. బయట నిచ్చెనమీంచి ఎక్కుడు, బయటనే దిగుడు. నడింట్ల ఎట్లుంటదో సూడలె" అన్నాడు. కోపంతో అన్నమాట కాదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు. మిత్రుడు తలవంచుకున్నాడు. పాత ఇళ్ల అందచందాలను గూర్చి వ్యాసాలు రాసేవారు, నాతో సహా, ఈ నిచ్చెన సంగతి రాయరు. గడులూ భవంతులూ పడిపోతుంటే తెలంగాణలో చాలామందికి కన్నీళ్లు రావు. అందుకు వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి.

మన్ను దిగాక, పరచిన కర్రలు, దంతెలు, దూలాలు, బోదెలు, స్తంభాలు. వీటిలో ఒక్క మేకు లేదు. స్తంభం కొసన నాలుకలా చెక్కిన భాగాన్ని వడ్రంగులు కుసి అంటారు. అది బోదె అడుగున తొలిచిన తొర్రలో కూర్చుంటుంది. పైబరువే దానికి తాళం. పనిచూసే ఇంజనీరింగు కుర్రవాడు బుద్ధిమంతుడు. ముందుగా ప్రతి మూలా ఫొటోలు తీసి, కొలతలు గీసి, ప్రతి ముక్కకూ రేకు బిళ్లమీద అంకె కొట్టించాడు. సుద్దతో రాస్తే మొదటి వానకే ఇల్లు అనాథ అవుతుంది. లారీలో ఏది ముందు ఎక్కాలో, ఏది చివర ఎక్కాలో కూడా రాసుకున్నాడు.

మొదటి స్తంభం పైకి లేచినప్పుడు కుసిమీద ఏదో గీసి ఉన్నది. కుర్రవాడు దులిపి చూశాడు. "ఏదో డిజైను సార్" అన్నాడు. వడ్ల మేస్త్రి కూడా చూసి, "పాత మేస్త్రి సోకుకు చెక్కిండు" అన్నాడు. గుర్రపు నాడా వంటి గీత ఒకటి, దాని పక్కన ఇంకో చెక్కడం. నేను కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాను. 'తూ ౧'.

తూర్పు ఒకటి!

ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. తెలుగు అంకెలు బోర్డుమీద రాస్తే, ఇవి పరీక్షలో వస్తాయా సార్ అని అడిగి, రావనగానే పెన్ను మూసే పిల్లలనే చూశాను. ఆనాడు మాత్రం ఒక ఇంజనీరూ, ఒక వడ్రంగీ నా పక్కన నిలబడి ప్రతి కుసీ చదివించుకున్నారు. తూ ౧ నుంచి తూ ౪, ద ౧ నుంచి ద ౪, తరువాత పడమర, తరువాత ఉత్తరం. మొత్తం పదహారు స్తంభాలు. ప్రదక్షిణంగా లెక్కపెట్టాడు మహానుభావుడు, మూలస్తంభం ఏ వరసకు చెందుతుందన్న తగవు లేకుండా. అంటే ఈ ఇల్లు మొదట ఇక్కడ కాక వేరేచోట, వడ్రంగి వాకిట్లో, చెక్కి కూర్చి చూసి, గుర్తులు వేసి, విప్పి, బండ్లకెత్తి ఇక్కడికి తెచ్చి నిలబెట్టినదన్నమాట. మేము దాన్ని కదపబోతున్నామని దిగులుపడ్డాం. అది పుట్టుకతోనే ఒకసారి ప్రయాణం చేసింది.

చిక్కు ఒకటి వచ్చింది. పడమటి వరసలో మూడో చోట ఉన్న స్తంభం కుసిమీద 'ఉ ౨' అని ఉన్నది. ఉత్తరపు వరసలో రెండో చోట 'ప ౩'. పెద్దమ్మను అడిగాం. "మా అత్త ఉన్నప్పుడు వానకు ఆ మూల కుంగింది. నారాయణపేట నుంచి మేస్త్రి వచ్చి ఇప్పి పెట్టిండు" అన్నది. ఆయన తెలుగు అంకెలు చదవలేదో, చీకటిపడిందో, రెండూ తారుమారయ్యాయి. ఇప్పుడు కొత్తచోట ఎట్లా పెట్టాలి? ఫొటోల్లో ఉన్నట్టా, గుర్తుల్లో ఉన్నట్టా? కుర్రవాడు ఫొటో అన్నాడు. ఉన్నదున్నట్టు నిలబెట్టడమే శాస్త్రమట. వడ్ల మేస్త్రి ఏమీ అనకుండా 'ప ౩' స్తంభాన్ని తెచ్చి పడమటి మూడో బోదె తొర్రలో నేలమీదే ఆనించి చూశాడు. కొయ్యసుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. మూతపెట్టినట్టు కూర్చున్నది. ఇన్నేళ్లూ అక్కడ ఉన్న రెండోదానికి సందులో చీలలు కొట్టి నిలబెట్టి ఉన్నారు. ఇక వాదం లేదు.

కొత్తచోట గోడల దగ్గర మళ్లీ పేచీ. పాత గోడ మట్టిది, రాదు. కొత్తగోడ రాతితో కట్టి సిమెంటు పూద్దాం, చప్పున అయిపోతుంది అన్నారు. ఇది నేను ఒప్పుకోలేదు. మట్టికీ పాత కర్రకూ సిమెంటుతో పొత్తు కుదరదు. గోడలో చేరిన చెమ్మ సున్నపు గారలోంచి మెల్లగా ఆరిపోతుంది. సిమెంటు పూస్తే లోపలే చిక్కుకుని, కర్ర కొసలను కుళ్లబెట్టి, పూతను పొక్కిస్తుంది. గానుగ సున్నం ఆడించేవాడు దొరకడానికి నెల పట్టింది. ఎడ్లు లేవు, మోటారు గానుగ. గుంటలో నానిన సున్నం, ఇసుక, అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు. ఆ వాసనకు తేనెటీగలు మూగాయి. మిద్దెకు మాత్రం చవుడు మన్ను వద్దన్నాను. నలుగురు కూడే చోట అంత బరువు తలమీద పెట్టుకోరాదు. దంతెలమీద శాబాదు బండలు పరచి, పైన పలచగా సున్నపు గచ్చు వేశారు. ఇది పాతదాని నకలు కాదు, ఆ మాట ఎవరడిగినా చెప్పాలి.

అన్నిటికంటె కష్టం పెళ్లివారి కోరికలను ఇంటికి అతకడం. పదహారు స్తంభాల ఇంట్లో వెయ్యిమంది పట్టరు. పట్టించాలని చూస్తే స్తంభాలు కొట్టేయాలి. కాబట్టి ముహూర్తం వరకు ఇంట్లో, భోజనాలు వెనుక రేకుల పందిట్లో అని నిశ్చయమయింది. పూర్వం మాత్రం అందరూ నడింట్లోనే తిన్నారా? పొయ్యిలు యాభై అడుగుల దూరాన; ఎండిన టేకుకు నిప్పురవ్వ చాలు. కరెంటు తీగలు గొట్టాల్లో గోడవెంట నడిపారు. స్తంభానికి మేకు కొట్టినా, తోరణానికి టేపు అంటించినా జరిమానా అని అద్దెకాగితంలో రాశారు. ఏసీ పెట్టలేదు. వాకిలి తెరిచి ఉన్నప్పుడు ఏసీ దేనికి? మాఘమాసంలో ఫ్యాన్లు చాలు. వైశాఖంలో చెమట పోస్తుంది, అది పెళ్లిలో భాగమే. వధువు గదికి మాత్రం మంచి అద్దం, స్నానాలగది కొత్తగా కట్టారు. పాత ఇళ్లలో ఆడవాళ్లకు ఆ సౌకర్యం ఎంత తక్కువో మగవాళ్లు రాసిన వర్ణనల్లో దొరకదు.

గడప పెట్టేనాడు పెద్దమ్మను కారులో తెచ్చారు. వంగి, వేళ్లతో తడిమి, లోపలిదిక్కు అరిగిన గుంతను చూసుకున్నది. సరిగానే ఉన్నదని తలూపింది. అన్నదమ్ముల కాగితంలో ఆమె కోరిక ఒకటి చేర్చారు: ఏడాదికి ఒక పెళ్లి ఆ ఊరివాళ్లకు అద్దె లేకుండా.

ఈ సంగతి తెలిసి మన్ను దించిన పెద్దమనిషి వచ్చాడు. మనుమరాలి ముహూర్తం కుదిరిందట. కుర్రవాడు లెక్కపుస్తకం తెరిచి, తారీఖు రాసుకుని, పైసలక్కర్లేదు తాతా అన్నాడు. ఆయన రుమాలు మూట విప్పి నోట్లు బల్లమీద పెట్టాడు.

"ఊరికె ఇచ్చేది ఇంకెవరికన్న ఇయ్యి. మాది కిరాయికి రాసుకో. రసీదు గూడ ఇయ్యి" అన్నాడు.

కుర్రవాడు నాకేసి చూశాడు. నేను రసీదు పుస్తకం అందించాను.